ఎనిమిదో మేకు

మా ఊరి పడవల రేవులో ఎనిమిదో మేకు జోలికి ఎవరూ పోరు.

మేకంటే మేకే... చెక్కకి కొట్టిన మామూలు ఇనప మేకు. రేవు దగ్గర కావలి గది వరండాలో ఓ పాత చెక్క పలక వేలాడుతూ ఉంటుంది. దానికి నాలుగు వరసల్లో నలభై మేకులు. ఒక్కో మేకుకి తాడు కట్టిన ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద అంకె. సముద్రం మీదకి వెళ్ళే ప్రతి మనిషీ ఓ బిళ్ళ తీసి మెళ్ళో వేసుకోవాలి. తిరిగొచ్చాక అదే మేకుకి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఎవరో ఇంకా నీళ్ళ మీద ఉన్నారన్నమాట. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా సరే, నీళ్ళలోకి పొడుగ్గా కట్టిన చెక్క వంతెన చివరి దీపం ఆర్పకూడదు. ఆ రేవు కట్టినప్పటినుంచీ అదే పద్ధతి.

సెలవు రోజుల్లో ఆ పలక పళ్ళూడిన నోరులా ఉంటుంది. అన్ని బిళ్ళలూ పోయినా పై వరసలో ఎనిమిదోది మాత్రం కదలదు. నలభయ్యో మనిషి వస్తే, ఇంకెవరైనా తిరిగొచ్చేదాకా ఒడ్డున కూర్చుని కాళ్ళూపుకుంటాడు గానీ దాని మీద చెయ్యి వెయ్యడు.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. దెయ్యాలంటే నాకు నవ్వు. ఈ కథలో నేను కళ్ళారా చూసింది ఇంట్లో జరిగినంత మటుకే. మిగతాదంతా మా బావ చెప్పగా, దీపాలాయన చెప్పగా విన్నది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల్ని అడిగినట్టు అడిగాను. ఇద్దరూ పొల్లుపోకుండా ఒకటే చెప్పారు. ఇందులో ఓ తప్పు నాది కూడా ఉంది. అదీ దాచను.

ముందు ఆ మేకు సంగతి.

ఇరవై రెండేళ్ళ కిందట, ఇలాగే వరస సెలవుల్లో, ఎక్కడో దూరపు ఊరినుంచి ఓ తండ్రీ కూతురూ రేవుకొచ్చారు. పిల్లకి పదేళ్ళు. తండ్రి ఏడో బిళ్ళ తను వేసుకుని, ఎనిమిదోది పిల్ల మెళ్ళో వేశాడు. వంతెన మీద నాలుగడుగులు వేశారో లేదో — "నాన్నా, చల్లగా తగులుతోంది, వద్దు" అని పిల్ల గునిసింది. "సర్లే, నేను పక్కనే ఉంటాగా, నీకెందుకు" అని తండ్రి నవ్వుతూ వెనక్కొచ్చి ఆ బిళ్ళని మేకుకి తగిలించేశాడు.

సాయంత్రానికి గాలి తిరిగింది. పడవ బోల్తా కొట్టింది. వెతకడానికి వెళ్ళినవాళ్ళకి తండ్రి దొరికాడు. స్పృహ లేదు, ఊపిరి మాత్రం ఉంది. మెళ్ళో ఏడో బిళ్ళ. ఒడ్డున పలక చూశారు... ఖాళీ మేకు ఒకటే. పోయింది ఒకరు, దొరికింది ఒకరు. లెక్క సరిపోయింది.

అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. కావలి మనిషి ఏడో బిళ్ళని మేకుకి తగిలించి, దీపం ఆర్పి, భోజనానికి వెళ్ళాడు.

ఆ తండ్రికి మూడో రోజున తెలివొచ్చింది. కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట — "పాపేది?"

ఆ పిల్ల దొరకలేదు. అప్పటినుంచీ తుఫాను వచ్చేముందు వంతెన మీద చిన్న అడుగుల చప్పుడు వినపడుతుందనీ, తిరిగి చూస్తే తడి పాదాల గుర్తులే తప్ప మనిషి కనపడదనీ జనం చెప్పుకుంటారు. జనానికేం, చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి అనేదాన్ని నేను.

ఆ కావలి మనిషి మాత్రం ఉద్యోగం వదల్లేదు. ఇప్పుడు అరవై దాటాయి. పేరు పెట్టి ఎవరూ పిలవరు, దీపాలాయన అంటారు. రేవు మూతికి అడ్డంగా ఓ గొలుసు ఉంటుంది. దాన్ని దించే చక్రం వరండాలోనే, పలక పక్కనే. పడవ బయల్దేరేముందు ఆయన రేకు గొట్టం నోటికి పెట్టుకుని "ఎందరూ?" అని అరుస్తాడు. పడవలోంచి అంకె చెప్పాలి. ఆ అంకే, ఖాళీ మేకులూ సరిపోతేనే గొలుసు దిగుతుంది. ఇది ఆయన పెట్టిన పద్ధతి. వారానికోసారి ఎనిమిదో బిళ్ళని తీసి, తుడిచి, మెరిసేలా చేసి, మళ్ళీ దాని చోట దాన్ని పెడతాడు. అది ముట్టుకునేది ఆయనొక్కడే.

ఇక మా బావ సంగతి.

మా బావది కళ్ళజోళ్ళ షాపు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి ఆయన అమ్మినవే. అందరికీ చూపు సరిచేసే ఆ మహానుభావుడికి ఎదురుగా వస్తున్న తుఫాను మాత్రం కనపడలేదు.

రెండేళ్ళ కిందట ఓ పాత తెరచాప పడవ కొన్నాడు. ఆదివారం వస్తే దానికి రంగు పూయడం, దాని తాళ్ళు మార్చడం, దానికి స్నానం చేయించడం. మా అక్క దానికి పెట్టిన పేరు — సవతి. "సవతికి ఒంట్లో బాగాలేదు, రంగు డబ్బా తేవాలట" అని నాకు ఫోన్ చేసి చెప్పేది.

ఈసారి మూడు రోజులు వరసగా సెలవులు పడ్డాయి. శనివారం పొద్దున్నే బయల్దేరి, ఎదురుగా ఉన్న లంకకి వెళ్ళి, అక్కడ గుడారం వేసుకుని, సోమవారం సాయంత్రానికి రావాలని బావ ప్లాను. అక్క, బావ, వాళ్ళ ఏడేళ్ళ కూతురు పిడుగు... ఆఖరికి నేను కూడా. పిడుగు అసలు పేరు బడి రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినపడదు. ఫ్రిజ్ తలుపు మీద పట్టుకెళ్ళాల్సిన వస్తువుల జాబితా అంటించారు. పిడుగు వారం ముందే సంచి సర్దేసింది. రెండు రాత్రులు లైఫ్ జాకెట్టు వేసుకునే పడుకుంది.

బుధవారం నుంచీ టీవీలో తుఫాను బొమ్మ గిర్రున తిరుగుతూనే ఉంది. "అది ఉత్తరానికి తిరుగుతుంది చూడు" అన్నాడు బావ. గురువారం — "ఇవాళ రాత్రికి తిరుగుతుంది." రేవులో మిగతావాళ్ళంతా క్రేను పిలిపించి పడవల్ని ఒడ్డుకి ఎక్కించుకున్నారు. బావ ఎక్కించలేదు. ఎక్కిస్తే ప్రయాణం లేనట్టేగా... అందుకని.

శుక్రవారం మధ్యాహ్నానికి తుఫాను తిరగలేదు సరికదా, ఊపందుకుంది. తెల్లవారేలోపే తీరం దాటుతుందన్నారు. రాత్రి తొమ్మిదికి రేవు మూసేస్తారన్నారు. బావ క్రేను మనిషికి ఫోన్ చేస్తే, "మీ వంతు రేపు పొద్దున సార్" అన్నాడట. రేపు పొద్దున ఎక్కించడానికి ఏం మిగులుతుందో ఇద్దరికీ తెలుసు.

ప్రయాణం లేదని చెప్పగానే పిడుగు సంచి నేలకేసి కొట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత గంటకి బావ వాన కోటు తీశాడు.

"ఎక్కడికి?" అంది అక్క.

"పడవని పాయలోకి చేర్చేసి వస్తా. కొండ మలుపు తిరిగితే పాయే కదా. అక్కడ గాలి తగలదు. వెళ్ళడం గంట, ఏదో బండి పట్టుకుని రావడం గంట."

"బుద్ధుండే మాట్లాడుతున్నావా? పోతే పోనీ పడవ."

"నా రెండేళ్ళ కష్టమే అది."

"మరి నేను? అది?" అని అక్క మూసున్న గది తలుపు వైపు చూపించింది. "పన్నెండేళ్ళ కష్టం నాది."

"గాలి రావడానికి ఇంకా నాలుగు గంటలుందే. నేనొక్కణ్ణే వెళ్తున్నాను. ఎవర్నీ తీసుకెళ్ళడం లేదుగా?" అన్నాడు బావ. నా వైపు తిరిగి, "టీచరమ్మా, నువ్వైనా మీ అక్కకి లెక్క కట్టి చెప్పు" అని ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. మొండితనంలో ఆ మనిషికి పోటీ లేదు.

కారు వెళ్ళిన చప్పుడయ్యాక అక్క నాతో, "పిడుగు ఏం చేస్తోందో చూడవే" అంది. వెళ్ళాను. తలుపు మూసే ఉంది. రెండుసార్లు తట్టాను. పలకలేదు. గుమ్మం పక్కన దాని చెప్పుల జత ఉంది, బూట్ల జత ఉంది. "అలిగి పడుకుంది" అని అక్కకి చెప్పాను.

తలుపు తోసి చూడలేదు. నా తప్పు అదే.

*

బావ రేవుకి చేరేసరికి ఏడు. అప్పటికే చీకటి పడింది. గాలి లేదు... ఆకు కదలడం లేదు. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉందట. ఆ నిశ్శబ్దం చూసి భయపడాల్సింది పోయి, "చూశావా, నేను చెప్పలేదూ" అని తనలో తనే గెలిచినట్టు అనుకున్నాడట.

కారు కావలి గది వెనక పెట్టి, వరండా ఎక్కాడు. దీపాలాయన లేడు. ఒడ్డున మిగిలిన చిన్న పడవలకి తాళ్ళు బిగిస్తూ దూరంగా లాంతరు కదులుతోంది. పలక నిండుగా ఉంది, నలభై మేకులకీ నలభై బిళ్ళలు. బావ చేతికందిన ఏడో బిళ్ళ తీసి మెళ్ళో వేసుకున్నాడు. పక్కనే ఎనిమిదోది తళతళలాడుతోంది. ఆ రోజే తుడిచినట్టున్నారు అనుకోవడం కూడా బావకి గుర్తుంది.

కారు డిక్కీలోంచి తెరచాప మూట తీసి భుజాన వేసుకుని, వంతెన చివరిదాకా మోసుకెళ్ళి, పడవ ముందు భాగంలో పడేశాడు. పెట్రోలు డబ్బా మర్చిపోయానని మళ్ళీ కారు దగ్గరికి వచ్చాడు. డబ్బా వెతికి, మూత బిగించి, లాంతరు వెలిగించుకుని మళ్ళీ వంతెనెక్కాడు.

ఎక్కి... ఆగిపోయాడు.

చెక్కల మీద తడి గుర్తులు.

చిన్న పాదాలు. ఐదేసి వేళ్ళు. వరండా మెట్ల దగ్గర మొదలై, వంతెన మీదుగా నేరుగా తన పడవ వైపే వెళ్తున్నాయి.

ఇప్పుడే కదా ఈ దారినే వెళ్ళాను, ఇప్పుడే కదా తిరిగొచ్చాను... అప్పుడు లేవే! చినుకు కూడా పడలేదు. చెక్కలు ఎండి ఉన్నాయి. లాంతరు దించి చూశాడు. వేలితో ముట్టుకుని నాలిక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

"కుక్కపిల్ల అయ్యుంటుంది" అని పైకే అన్నాడట. ఐదు వేళ్ళున్న కుక్కపిల్ల ఏమిటి బావా అని తర్వాత నేనడిగితే, "ఆ టైములో నోటికి ఏదొస్తే అది అంటాం, నువ్వు మార్కులు వెయ్యకు" అన్నాడు.

గుర్తులు పడవ పక్కన ఆగిపోయాయి. తిరిగొచ్చిన గుర్తులు లేవు.

వెనక్కి వెళ్ళిపోదామనిపించిందట. కానీ ఎదురుగా పడవ. రెండేళ్ళ ఆదివారాలు. గబగబా ఎక్కి, ఇంజను చూసుకుని, మొదటి తాడు విప్పసాగాడు. ముడి ఊడి వచ్చేసరికి —

చెవి పక్కనే ఎవరో అడిగారు.

"ఎందరు?"

గుసగుసలా. అరుపు కాదు. రేకు గొట్టంలోంచి వచ్చిన గొంతు అసలే కాదు.

బావకి అలవాటైన ప్రశ్న కదా, ఆలోచించకుండానే నోరు పలికేసింది. "ఒక్కణ్ణే."

చుట్టూ చూశాడు. వంతెన ఖాళీ. దీపం వెలుగు నీళ్ళ మీద కదలకుండా పడి ఉంది.

రెండో తాడు మీద చెయ్యి వేశాడు.

"ఎందరు...?"

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. ఆ గొంతులో బెదిరింపేమీ లేదనీ, జవాబు తప్పు చెప్పిన పిల్లాణ్ణి టీచరు మళ్ళీ అడిగినట్టు ఓపిగ్గా ఉందనీ చెప్పాడు. అందుకే ఎక్కువ భయమేసిందట.

అప్పుడే ఒడ్డు నుంచి రేకు గొట్టం మోగింది. "ఎందరూ...?"

దీపాలాయన! బావకి ప్రాణం లేచొచ్చింది. "ఒక్కణ్ణే పెద్దాయనా! గొలుసు దించు!"

గొలుసు కదల్లేదు.

"గొలుసు దించవయ్యా, టైమైపోతోంది!"

గొట్టం లేకుండానే దీపాలాయన కేక — "రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి!"

బావకి ఒళ్ళు మండిపోయింది. భయపడ్డ మనిషికి కోపం తొందరగా వస్తుంది. విప్పిన తాడు మళ్ళీ గుంజకి నాలుగు చుట్లు చుట్టి, విసవిసా వరండాలోకి వచ్చాడు. "ముసలితనంలో లెక్క కూడా మర్చిపోయావా? నేను తీసింది ఒకటి. ఇదిగో ఏడు."

దీపాలాయన పలక వైపు లాంతరెత్తాడు.

ఏడో మేకు ఖాళీ. దాని పక్కన... ఎనిమిదో మేకు కూడా ఖాళీ.

మేకుకి సరిగ్గా కింద, నేల మీద చిన్న నీటి మడుగు.

"మధ్యాహ్నం నా చేత్తో తుడిచి పెట్టాను" అన్నాడు దీపాలాయన మెల్లగా. "ఎవరూ ముట్టరు బాబూ. ఇన్నేళ్ళలో ఎవరూ ముట్టలేదు."

బావ ఎనిమిదో మేకు వైపు చూడకుండానే, "ఎవడో ఆకతాయి తీసుంటాడు. నువ్వు దించు, నేను వెళ్ళాలి" అన్నాడు.

"దించను."

"నా పడవ పోతుందయ్యా!"

"పోనీండి" అన్నాడు దీపాలాయన. చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఓసారి లెక్క సరిపోయిందని ఈ చేత్తోనే దీపం ఆర్పేశాను. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను కూడా. ఆ పూట ఆ పిల్ల ఇంకా బతికే ఉందేమో... ఆ దీపం వైపే చూస్తోందేమో. అది నాకు తెలీదు బాబూ, ఎప్పటికీ తెలీదు. ఇవాళ లెక్క సరిపోకుండా గొలుసు దించమంటే నా ప్రాణం పోయినా దించను."

బావ ఆయన్ని పక్కకి తోసి చక్రం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఈ మాట చెప్పేటప్పుడు బావ తల దించుకున్నాడు.

అప్పుడు వినపడింది... వంతెన చివరినుంచి.

చిన్న దగ్గు.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. మళ్ళీ దగ్గు. దాంతోపాటు, దేనికో తగిలి ఇత్తడి గలగలమన్న చప్పుడు.

దీపాలాయన పెదవులు కదిలాయి. "వచ్చావా తల్లీ..." అన్నాడట. లాంతరు పట్టుకుని ఆయనే ముందు నడిచాడు. బావ ఆయన చొక్కా అంచు పట్టుకుని వెనకాల వెళ్ళాడు. చిన్నప్పుడు చీకట్లో అమ్మ కొంగు పట్టుకుని నడిచినట్టు.

పడవ నెమ్మదిగా ఊగుతోంది. ముందు భాగంలో తెరచాప మూట... కదిలింది.

బావకి చెయ్యి రాలేదు. దీపాలాయన వంగి, గుడ్డ అంచు పట్టుకుని, ఒక్కసారిగా లాగేశాడు.

రెండు కళ్ళు. చింపిరి జుట్టు. మెళ్ళో ఎనిమిదో బిళ్ళ.

"నాన్నా... తిట్టకు నాన్నా" అంది పిడుగు.

*

కారు వెనక సీటు కింద దుప్పటి కప్పుకుని వచ్చిందట! మూడు రోజుల ప్రయాణం లేకపోతే పోనీ, కనీసం పాయదాకా అయినా పడవెక్కాలని. చెప్పులు వేసుకుంటే చప్పుడవుతుందని ఉత్త కాళ్ళతో వచ్చింది. బావ డిక్కీలో తల పెట్టి పెట్రోలు డబ్బా వెతుకుతుంటే, తలుపు తీసుకుని వరండా మీదుగా పరిగెత్తి పడవెక్కేసింది. తెరచాప కింద దూరింది. పెట్రోలు వాసనకి దగ్గు ఆపుకోలేకపోయింది.

అంతే. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

దీపాలాయన వంతెన మీదే చతికిలబడి, "ఎంత పని చేశావే పిల్లా! ఎంత పని చేశావే!" అని నవ్వుతూ ఏడ్చాడట. బావ దాన్ని ఎత్తుకుని గుండెకి అదుముకున్నాడు. ఒంటి మీద లైఫ్ జాకెట్టు కూడా లేదు. పిల్ల పడవలో ఉన్నట్టు బావకి తెలీదు, ఇంట్లో మాకు తెలీదు. ఆ గొలుసు దిగి ఉంటే... పడవకి ఏదైనా అయి ఉంటే... బావనొక్కణ్ణే బయటికి తీసేవాళ్ళు. మెళ్ళో ఏడో బిళ్ళ చూసి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు.

వాళ్ళు వరండా చేరేలోపే గాలి వచ్చింది. నాలుగు గంటలుందనుకున్న గాలి. ఒక్కసారిగా, తలుపు తన్నుకుని లోపలికి వచ్చినట్టు వచ్చిందట. కొండ మలుపు దగ్గర తెల్లగా ఓ గోడ లేచి రేవు మూతి మీద పడడం ఇద్దరూ చూశారు. బయల్దేరి ఉంటే బావ సరిగ్గా ఆ వేళకి సరిగ్గా అక్కడే ఉండేవాడు.

బావ ఏడో బిళ్ళ తీసి మేకుకి తగిలించి, పిడుగుని కోటులో చుట్టి, కారెక్కాడు. వెనక పడవ తాళ్ళు కీచుమంటున్నాయి. తిరిగి చూడలేదు.

*

ఇక్కడినుంచి నేను చూసింది.

తలుపు తీసిన అక్క, బావ చేతుల్లో ఉన్న పిల్లని చూసింది. తర్వాత మూసున్న గది తలుపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వంటింట్లో ముక్కాలి పీట మీద పిడుగుని కూర్చోబెట్టి అక్క తువ్వాలుతో తల తుడుస్తోంది. నేను పాలు వేడి చేస్తున్నాను. కిటికీ బయట వాన గోడలా పడుతోంది. దూరంగా వంతెన చివరి దీపం మసగ్గా కనపడుతోంది. బావ జరిగిందంతా చెప్పాడు. మధ్యమధ్యలో అక్క చెయ్యి ఆగిపోయి, మళ్ళీ తుడుస్తోంది.

అప్పుడు చూశాం... దాని మెళ్ళో ఎనిమిదో బిళ్ళ అలాగే ఉంది. హడావిడిలో తిరిగి పెట్టడం మర్చిపోయారు.

"అయ్యో, పాపం పెద్దాయన ఈ తుఫానులో దీపం కనిపెట్టుకుని కూర్చోవాలి" అంటూ బావ ఫోన్ తీశాడు. నంబరు వెతుకుతూనే కూతుర్ని కసిరాడు. "అయినా అది ఎందుకు తీశావే? ముట్టకూడదని నీకు వందసార్లు చెప్పానా లేదా?"

"నేను తియ్యలేదు" అంది పిడుగు.

"మరి నడుచుకుంటూ వచ్చి నీ మెళ్ళో పడిందా?"

"అక్కడి కుర్చీ ఎక్కినా నాకెలా అందుతుంది నాన్నా? పై వరసలో ఉంటే?"

నేను పాల గిన్నె దించాను. నిజమే. ఆ పై వరస నాకే మునివేళ్ళ మీద నిలబడితే గానీ అందదు.

"ఎవరిచ్చారమ్మా?" అంది అక్క, మెత్తగా.

"వరండాలో ఓ అక్క ఉంది. నాకంటే పొడుగు. కుర్చీ ఎక్కి తీసింది. నాతోపాటు పడవదాకా వచ్చింది కూడా."

బావ ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. "నీ కాళ్ళు..." అన్నాడు. "నువ్వు నీళ్ళల్లో దిగావా? కాళ్ళు తడుపుకున్నావా?"

"లేదే. నావి పొడిగానే ఉన్నాయి. ఆ అక్కవే తడి కాళ్ళు. గౌనంతా నీళ్ళు కారుతోంది."

పిడుగు పాల గ్లాసు అందుకుని ఊదుకుంది. దానికి ఇదంతా మామూలుగానే ఉంది.

"చల్లగా ఉంది, నాకొద్దు అన్నానమ్మా. ఆ అక్క వినలేదు. 'వేసుకో... లేకపోతే నీకోసం ఎవరూ వెతకరు' అంది."

అక్క తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నీకో అని అడిగాను" అంది పిడుగు. "నాది ఇదే, నీకిచ్చేశాగా అంది."

కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. వాన జల్లులో దీపం మాయమై, మళ్ళీ కనపడింది.

బావ చేతిలో ఫోన్ మోగింది. అవతల దీపాలాయన గొంతు చిన్నగా వినపడుతోంది — "హలో... బాబూ... ఇంటికి చేరారా? ఎనిమిదో బిళ్ళ మీ దగ్గరుందా? మేకు ఖాళీగా ఉంది బాబూ... లెక్క సరిపోయిందంటే చెప్పండి, దీపం ఆర్పేస్తాను..."

బావ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు ఆ దీపం వైపే చూశాడు.

"సరిపోలేదు పెద్దాయనా" అన్నాడు. "ఆర్పకు. ఇంకా ఒకరు రావాలి."